మూడు గోలీలు, ఒక కాగితం పొట్లం: మన మెడికల్ షాపుల వాళ్లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్ గల్లీల్లో మందుల షాపులు నడుపుతున్న అన్నలకు, అక్కలకు, పొద్దున్నుంచి రాత్రి పదకొండు దాకా కౌంటర్ వెనక నిలబడే తమ్ముళ్లకు,

నమస్తే.

ఇది మిమ్మల్ని తిట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదు. కోపం లేదని మాత్రం అనను. పోయినేడు బోనాలు అయిపోయిన పది రోజులకు మా చిన్నమ్మకు చలిజ్వరం వచ్చింది. దుప్పటి కప్పుకుని రెండు రోజులు చూసి, మూడో రోజు ఇంటి దగ్గర మందుల షాపుకు పోయింది. కౌంటర్ దగ్గరున్న పిల్లవాడు చలి ఉందా అని అడిగాడు, ఉందంది, అయితే మలేరియానే అమ్మా అని మూడు గోలీలు కత్తిరించి కాగితం పొట్లంలో వేసి, మూడూ ఒకేసారి మింగెయ్, మళ్లీ రానక్కర్లేదు అన్నాడు. పొట్లం మీద పెన్నుతో "3 ఒకేసారి" అని రాశాడు. బిల్లు లేదు, మందు పేరు లేదు. ఏ షాపో రాయను, ఎందుకంటే అది ఏ షాపైనా అయ్యుండొచ్చు, మా గల్లీలో కాకపోతే మీ గల్లీలో.

పదకొండో రోజు నోట్లో పుండ్లు వచ్చాయి, కళ్లు ఎర్రబడ్డాయి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించాం. మర్నాటికి ఛాతీ మీద, వీపు మీద ఎర్రటి మచ్చలు, ముట్టుకుంటే మంట, సాయంత్రానికి బొబ్బలు. దవాఖానాలో డాక్టరమ్మ చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఈ నెల రోజుల్లో కొత్తగా ఏం మందులు వేసుకున్నారు?" మా దగ్గర ఉన్నది ఆ పొట్లం. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసిన ఆమె మొహం నాకు ఇంకా గుర్తుంది. షాపుకు పరిగెత్తితే ఆ పిల్లవాడు ఊరికి పోయాడన్నారు. అతని ఫోన్ నంబరు సంపాదించి, "అన్నా, అది సల్ఫా గోలీ" అనిపించుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఇక్కడ ఇంకో మాట కూడా ఉంది. ఆరేళ్ల కింద మూత్రంలో మంటకని ఇచ్చిన కోట్రైమాక్సజోల్‌తో (అదీ సల్ఫా మందే) చిన్నమ్మకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఆమెకు గుర్తే ఉంది. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదే.

బతికింది. చర్మం కూడా మళ్లీ వచ్చింది. కళ్లు మాత్రం ఎండిపోయాయి, రోజుకు ఆరేడుసార్లు చుక్కల మందు వేసుకోవాలి. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి కోడల్ని పిలుస్తుంది.

నేను డాక్టర్ని కాను. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. సల్ఫా పొడి డ్రమ్ములు నా చేతుల మీదుగా చాలా పోయాయి. అక్కడ డ్రమ్ము లేబుల్ మీద బ్యాచ్ నంబరులో ఒక్క అంకె తప్పు పడితే లోపలి సరుకు ఎంత శుద్ధంగా ఉన్నా ఆపేసేవాళ్లం. అదే మందు మా ఇంటికి పేరు లేకుండా, పొట్లంలో వచ్చింది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

ఆ గోలీ గురించి చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లలో చాలామందికి దాని గుణం పూర్తిగా తెలీదని నాకు అనిపించింది (తెలిసినవాళ్లు ఓపిక పట్టండి). అందులో రెండు మందులుంటాయి, సల్ఫాడాక్సిన్ 500 మిల్లీగ్రాములు, పైరిమెథమిన్ 25 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు మూడు గోలీలు ఒకేసారి అన్న లెక్క ఆ పిల్లవాడు తప్పు చెప్పలేదు. పాత మలేరియా మందు క్లోరోక్విన్ పనిచేయడం మానేసిన రోజుల్లో మలేరియాకు డాక్టర్లు అలాగే ఇచ్చేవాళ్లు. అతను ఎవరో సీనియర్ దగ్గర నేర్చుకుని ఉంటాడు, ఆ సీనియర్ ఇంకో సీనియర్ దగ్గర.

ఒక్క డోసుతో ఎందుకు సరిపోతుందంటే, సల్ఫాడాక్సిన్ ఒంట్లోంచి అంత తొందరగా పోదు. మామూలు సల్ఫా, అంటే కోట్రైమాక్సజోల్‌లో ఉండే సల్ఫామెథాక్సజోల్, పది గంటల్లో రక్తంలో సగానికి తగ్గుతుంది, అందుకే పూటకొకటి వేసుకోమంటారు. సల్ఫాడాక్సిన్ సగానికి తగ్గడానికి దాదాపు 200 గంటలు. అంటే ఎనిమిది రోజులకు సగం, ఇంకో ఎనిమిది రోజులకు ఆ సగంలో సగం. రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది, కిడ్నీలోకి వెళ్లింది కూడా చాలావరకు తిరిగి రక్తంలోకే వస్తుంది. ఆదివారం మింగిన గోలీ నెల దాటాక కూడా ఎంతో కొంత ఒంట్లో ఉంటుంది. రోగి డోసు మర్చిపోతాడన్న భయం లేదు, మందు పని చేసుకుంటూ పోతుంది. ఇది దాని గొప్పతనం. పడనివాళ్ల విషయంలో అదే శాపం. మామూలు గోలీ పడకపోతే ఆపేస్తే రెండు రోజుల్లో రక్తంలోంచి పోతుంది. దీన్ని ఎలా ఆపుతారు? చిన్నమ్మకు బొబ్బలు వచ్చేనాటికి మూడు గోలీల్లో ఇంకా మూడో వంతుకు పైగా ఆమె రక్తంలోనే తిరుగుతోంది. మందు ఆపండి అని డాక్టరమ్మ అలవాటుగా అనబోయి ఆగిపోయింది, ఆపడానికి ఏముంది, మింగింది ఒక్కసారే కదా.

మందు పడక చర్మం, నోరు, కళ్లు ఇలా దెబ్బతినే జబ్బుకు స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అని పేరు. అరుదే. కానీ 1980లలో ఆఫ్రికాకు, ఆసియాకు పోయే అమెరికన్ ప్రయాణికులు ఈ గోలీని మలేరియా రాకుండా వారానికొకటి వేసుకునేవాళ్లు, వాళ్లలో సుమారు 11 వేల నుంచి 25 వేల మందికి ఒకరు చొప్పున ఇలాంటి చర్మవ్యాధితో చనిపోతున్నారని అక్కడి అధికారులు 1985లో లెక్కతేల్చి, ముందుజాగ్రత్త కోసం వాడడం దాదాపు ఆపించారు. జబ్బు వచ్చినప్పుడు ఒక్కసారి వేసుకునేవాళ్లకు ముప్పు అంతకన్నా తక్కువే. ఇంతకుముందు సల్ఫా పడనివాళ్లకు మాత్రం ఈ లెక్కతో పనిలేదు, వాళ్లకు అసలు ఇవ్వకూడదు.

ఇది చెడ్డ మందని నేను అనడం లేదు. ఆఫ్రికాలో మలేరియా ఎక్కువున్న దేశాల్లో గర్భిణులకు నాలుగో నెల నుంచి, కనీసం నెల ఎడంతో, కనీసం మూడుసార్లు ఇదే మందు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సహారా ఎడారి కింది దేశాల్లో వానాకాలం నెలల్లో చిన్నపిల్లలకు దీన్ని అమోడియాక్విన్ అనే ఇంకో మలేరియా మందుతో కలిపి నెలనెలా ఇమ్మని 2012లో చెప్పింది. ఎడారి అంచు ఊళ్లో నెలకు ఒకసారి తప్ప ఆరోగ్య కార్యకర్త రాలేనప్పుడు, నెల పాటు ఒంట్లో నిలిచే మందుకన్నా ఏం కావాలి? పశువుల డాక్టర్లు కూడా సల్ఫాడాక్సిన్‌ను ట్రైమెథోప్రిమ్‌తో కలిపి ఆవులకు, గేదెలకు ఇంజెక్షన్ ఇస్తారు, ఆ తర్వాత కొన్ని రోజులు పాలు వాడొద్దంటారు. గేదె విషయంలో చెప్పే పాటి జాగ్రత్త మనిషికి చెప్పలేమా అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. ఇది కొంచెం ఎత్తిపొడుపే, క్షమించండి.

మన దేశంలో అయితే ఫాల్సిపారం అనే రకం మలేరియాకు దీన్ని ఒంటరిగా ఇవ్వడం పోయింది. ఆర్టీసునేట్ మూడు రోజులు, దానితో పాటు మొదటి రోజు ఈ గోలీలు, ఆపైన ప్రైమాక్విన్. ఈశాన్య రాష్ట్రాల్లో మలేరియా పురుగు దీనికి లొంగడం తగ్గిందని 2013 నుంచి అక్కడ వేరే జోడీ ఇస్తున్నారు. వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియాకు క్లోరోక్విన్, ప్రైమాక్విన్. అంటే ఏ మలేరియానో తెలీకుండా ఈ గోలీ ఇవ్వడానికే లేదు. అసలు మలేరియానో కాదో తెలియాలి కదా ముందు. హైదరాబాద్‌లో వానాకాలం జ్వరమంటే డెంగీ కావచ్చు, వట్టి వైరల్ కావచ్చు. వేలి మీద గుచ్చి తీసిన చుక్క రక్తంతో పావుగంట, ఇరవై నిమిషాల్లో మలేరియా ఉందో లేదో చెప్పే కిట్లు ఉన్నాయి. గల్లీ చివర బస్తీ దవాఖానాకు పంపితే డబ్బులు కూడా అడగరు. చిన్నమ్మకు తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది డెంగీ. మలేరియా లేనే లేదు.

ఏజెన్సీ గూడేల్లో ఆశా కార్యకర్త సంచీలో ఈ మందు ఎలా ఉంటుందో చూశారా? ప్రభుత్వం ఇచ్చే ఆ ప్యాకెట్లు వయసును బట్టి రంగురంగుల్లో ఉంటాయి. ఏడాదిలోపు పిల్లలకు గులాబీ, నాలుగేళ్ల దాకా పసుపు, ఎనిమిదేళ్ల దాకా ఆకుపచ్చ, పద్నాలుగు దాకా ఎరుపు, పెద్దలకు తెలుపు. ఏ రోజుది ఆ రోజు గడిలో, పేరు అచ్చు వేసి. కరెంటు సరిగా లేని గూడెంలో ఇది జరుగుతోంది. కోఠి మందుల హోల్‌సేల్ మార్కెట్‌కు అరగంట దూరంలో మనం పొట్లం కడుతున్నాం.

ఈ ఊరికి కూడా ఒక మర్యాద ఉంది. మలేరియా దోమ వల్ల వస్తుందని తేలింది ఇక్కడే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి, మైక్రోస్కోపులో మలేరియా పురుగును చూశాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారట. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ బిల్డింగు ఇప్పటికీ ఉంది, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి ఆయన పేరు మీదే ఉంది. దోమలో మలేరియా పురుగును సూక్ష్మదర్శినితో చూసి లోకానికి చూపించిన ఊరు మనది. "చలి ఉందా, అయితే మలేరియానే" అనడానికి మనకైనా కొంచెం సిగ్గు ఉండాలి.

సల్ఫా కథలో మన తెలుగువాడు కూడా ఉన్నాడు. బ్యాక్టీరియా గానీ మలేరియా పురుగు గానీ బతకాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి, దాన్ని అవి సొంతంగా వండుకుంటాయి. సల్ఫా మందు ఆ వంటలో వేసే ఒక దినుసులాగే కనిపిస్తుంది. పక్కింటి తాళంచెవి మన తాళంలో దూరి ఇరుక్కుపోయినట్టు ఎంజైములో ఇరుక్కుంటుంది, వంట ఆగిపోతుంది. పైరిమెథమిన్ ఆ తర్వాతి మెట్టులో అడ్డం పడుతుంది. మనం ఫోలిక్ ఆమ్లాన్ని ఆకుకూరల్లోంచి, పప్పులోంచి తింటాం కాబట్టి మనకు సల్ఫా వల్ల ఆ దెబ్బ లేదు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో తయారు చేసి చూపించిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన ల్యాబు పనిలోంచే వచ్చింది.

ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు, మీ కౌంటర్‌కు పనికొచ్చే విషయం. కీళ్ల వాతానికో సోరియాసిస్‌కో వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లు మీ దగ్గరికి రోజూ వస్తారు. వాళ్లకు డాక్టరుకు తెలీకుండా సల్ఫా ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోవచ్చు. ఇంకోటి, మలేరియాకు ఈ గోలీ వేసుకున్నవాళ్లకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ గోలీ బలానికని చేతిలో పెడితే మలేరియా మందు పని తగ్గిపోతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు. హెచ్‌ఐవీ ఉండి రోజూ కోట్రైమాక్సజోల్ వేసుకునేవాళ్లకు దీన్ని కలపకూడదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము తక్కువ కావడం) ఉన్నవాళ్లకు, రెండు నెలల లోపు పసివాళ్లకు కూడా వద్దు.

అలాగే ఉల్టా భయాలు కూడా పెట్టకండి. సల్ఫా పడదు అనగానే ఐరన్ గోలీలో ఫెర్రస్ సల్ఫేట్ ఉంది, ఆయాసం మందులో సాల్బుటమాల్ సల్ఫేట్ ఉంది, అవీ వద్దు అని చెప్పిన షాపాయన్ని నేను స్వయంగా చూశాను. సల్ఫేట్ వేరు, గంధకం వేరు, సల్ఫా యాంటీబయాటిక్ వేరు. జాగ్రత్తపడాల్సింది సెప్ట్రాన్, బాక్ట్రిమ్ లాంటి కోట్రైమాక్సజోల్ గోలీలతో, కాలిన గాయాలకు పూసే సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీముతో, సల్ఫాసలజైన్‌తో, సల్ఫాసెటమైడ్ కంటి చుక్కలతో, ఈ మలేరియా గోలీతో. పేర్లలో సల్ఫా అని కనబడేవి కొన్ని, కనబడనివి కొన్ని. కోట్రైమాక్సజోల్ అన్న పేరు విని సల్ఫా అని మా చిన్నమ్మ ఎలా కనుక్కోవాలి?

పేరు గురించి ఇంత గోల ఎందుకని మీరు అనుకోవచ్చు. పెన్సిలిన్ ఇంకా వాడకంలోకి రాని రోజుల్లో, జర్మనీలో డోమాక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన ప్రాంటోసిల్ అనే మొదటి సల్ఫా మందుతో సల్ఫాల కాలం మొదలైంది. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్‌ను తియ్యటి నీళ్ల మందుగా అమ్మింది. సల్ఫాను కరిగించడానికి డైఎథిలీన్ గ్లైకాల్ వాడారు, అది విషం. 100 మందికి పైగా పోయారు, వాళ్లలో ముప్పైమందికి పైగా పిల్లలు. అప్పటి చట్టంలో విషం అమ్మినందుకు పట్టుకునే దారి లేదు! దొరికిన తప్పు ఒక్కటే, సీసా మీద ఎలిగ్జిర్ అని రాశారు, ఎలిగ్జిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. పేరు తప్పు అన్న ఆ ఒక్క పట్టు మీద ఇన్‌స్పెక్టర్లు షాపుల బిల్లులు, చీటీలు, డాక్టర్ల పుస్తకాలు తిరగేసి, 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లు వెనక్కి తెచ్చారు. రాసిన కాగితం ఉంది కాబట్టి ఎవరింట్లో ఏ సీసా ఉందో దొరికింది. మరుసటి ఏడాదే, 1938లో, కొత్త చట్టం వచ్చింది. మా ఇంట్లో మూడు గోలీల పేరు దొరకడానికి రెండు రోజులు పట్టింది.

మీ కష్టం నాకు తెలీదనుకోకండి. చీటీ ఏది అని అడిగితే పక్క షాపుకు పోతారు. పెద్ద పెద్ద కంపెనీల షాపులు 20 శాతం తగ్గింపు బోర్డులు పెట్టి కూర్చున్నాయి, ఫోన్‌లో నొక్కితే ఇంటికొచ్చే మందులు ఇంకోవైపు. డాక్టర్ ఫీజు 500 పెట్టలేనివాడు మీ కౌంటర్ దగ్గరికే వస్తాడు, మీరు తిప్పి పంపితే వాడికి ఏ దిక్కూ లేదు, మీకూ మనసొప్పదు. నేనూ దగ్గు మందుకు చీటీ లేకుండా మీ దగ్గరికే వచ్చాను, చాలాసార్లు. నేను నీతులు చెప్పే స్థితిలో లేను.

అందుకే పెద్ద కోరికలేమీ కోరను. ఎర్ర గీత ఉన్న (డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన) స్ట్రిప్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క మాట అడగండి, "ఇంతకుముందు ఏ గోలీకైనా దద్దుర్లు వచ్చాయా?" సల్ఫా పడుతుందా అని అడగొద్దు, ఆ మాట మా చిన్నమ్మకు అర్థం కాదు. దద్దుర్లు అంటే అందరికీ తెలుసు. వచ్చాయి అంటే ఆ పూటకు ఆ గోలీ ఆపేయండి. ఇంకోటి, స్ట్రిప్ కత్తిరించేటప్పుడు పేరు ఉన్న వైపు రోగికి పోయేలా కత్తిరించండి. మిగిలిన ముక్క మీ డబ్బాలో ఉంటుంది, దానిమీద పేరు మీరు రాసుకోవచ్చు, మీకు తెలుసు కదా అదేంటో. విడి గోలీలే ఇవ్వాల్సొస్తే పొట్లం మీద "3 ఒకేసారి" కన్నా ముందు మందు పేరు, తేదీ తెలుగులో రాయండి. ఒకేసారి వేసుకునే గోలీ అయితే ఇంకో మాట కూడా చెప్పండి: ఈ కాగితం నెల రోజులు పారేయొద్దు, నోట్లో పుండ్లు, కళ్ల మంట, ఒంటి మీద ఎర్ర మచ్చలు వస్తే దీన్ని పట్టుకుని దవాఖానాకు పొండి. ఇదంతా చెప్పడానికి ఎంత సేపు? నేను గడియారం పెట్టి చూశాను, పాతిక సెకన్లు.

మా చిన్నమ్మ ఇప్పుడు పర్సులో ఒక అట్టముక్క పెట్టుకుంటుంది. నేనే రాసిచ్చాను: సల్ఫాడాక్సిన్, కోట్రైమాక్సజోల్, ఏ సల్ఫా యాంటీబయాటిక్ అయినా పడదు. లామినేషన్ చేయిస్తే 15 రూపాయలు అయింది.

దద్దుర్ల ప్రశ్న, పేరు రాయాలన్న మాట పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించిన చిన్న కాగితాలు రెండు వందలు నా దగ్గర ఉన్నాయి, కౌంటర్‌కు మీ వైపు అంటించుకునేంత సైజువి. వచ్చే ఆదివారం మా గల్లీ షాపు నుంచే మొదలుపెడతాను, ఆ మూడు గోలీలు ఇచ్చిన షాపుకు కూడా వస్తాను. గొడవ చేయడానికి కాదు, టెన్షన్ పడకండి. గమ్ కూడా నేనే తెస్తాను.

ఇట్లు,
మీ దగ్గర మందులు కొనే ఒక మనిషి,
హైదరాబాద్